గవర్రాజు కోసం ఆరా

శుద్ధ నవమి, పాటు వేళ

కోనసీమ తేలుడు వార్డులలో నివసించు సమస్త స్త్రీ పురుష బాలవృద్ధులకు, వారి వారి కోళ్లకు, బాతులకు సహితము ఇందుమూలముగా తెలియజేయడమేమనగా: ఏడో వార్డు ఆరా కచేరీలోని ఏకైక కుర్చీ యొక్క నాలుగో కాలు ఈ ఉదయం పది గంటలకు, విధి నిర్వహణలో ఉండగా, అమరత్వం పొందినది. సదరు కాలి ఆత్మశాంతికై నేను అర నిమిషం నిలబడితిని. కూర్చోడానికి వేరే కుర్చీ లేనందున ఆ అర నిమిషం ఇంకా నడుచుచునే ఉన్నది. ఈ విషయమై పుకార్లు పుట్టించువారు శిక్షార్హులు. ఇట్లు, అరిగెల తాతబ్బాయి, ఆరా మనిషి. ఎనిమిదో తరగతి, ఫెయిలు.

దండోరా అయింది. ఇక డ్యూటీ.

ఇవాళ పనులు మూడు. సలాది ఏసుబాబు పేరు, మలక్కాలో బంగారం దాటించిన ఎవడో ఏసుబాబు పేరుతో కలిసిందని ఆరా యంత్రం అనుమానపు పసుపు వేసింది. వీడు వాడు కాదని తేల్చాలి. వీడికి పడవ లాకులు దాటితే వాంతులు. మలక్కా దాకా వెళ్తే పేగులే మిగలవు. అదే రాశాను. అనుమానం పోయి పచ్చ పడింది.

రెండోది, ఇస్త్రీ పడవ నూకరాజు. మనీ లాండరింగు ఫారం వచ్చిందని వణికిపోతున్నాడు. జనం జేబుల్లో మర్చిపోయిన నోట్లు చొక్కాలతో పాటు ఉతికేసినందుకా అన్నాడు. అందుకేనని చెప్పి, నా చొక్కాలు రెండు ఊరికే ఇస్త్రీ చేయించుకుని, అప్పుడు చెప్పాను, ఆ ఫారం ఊరందరికీ వచ్చిందని. ఇస్త్రీ పెట్టె పట్టుకుని, వార్డు తేలే పాంటూన్ చివరిదాకా తరిమాడు. మంచి వ్యాయామం.

మూడోది చూసి నవ్వు ఆగిపోయింది. అరిగెల బుల్లెమ్మ, పసుపు. కారణం: చెప్పకుండా దాచిన కాసులు.

బుల్లెమ్మ మా వదిన. పోయిన మా అన్నయ్య భార్య.

శుద్ధ దశమి, పోటు వేళ

ఈ వార్డు పాంటూన్లను కట్టి ఉంచిన తాళ్లలో సగం మా వదిన పేనినవే. ఎడమ కన్ను రెండేళ్ల కిందటే పోయింది. కుడిది పోతోంది. అమావాస్యకి కంటి ఓడ వచ్చి లాకుల అవతల లంగరేసింది. మొగలో, గోదారి సముద్రంలో కలిసేచోట, ఇసుక మేట మీద ఓడ దాటేంత నీళ్లుండేది అమావాస్య, పౌర్ణమి పోట్లకే. ఈ పౌర్ణమి పోటుకి వెళ్లిపోతుంది, మళ్లీ ఏడాదికి గాని రాదు. ఏడాది ఆగితే ఆ కన్ను కూడా ఉండదని వార్డు డాక్టరు రాసిచ్చాడు. ఓడలో మంచం కూడా దొరికింది. కానీ పసుపు పేరున్న మనిషికి లాకులు తెరుచుకోవు.

వెళ్లేసరికి గుమ్మంలో రాట్నం తిప్పుతోంది.

"ఏవయ్యా మరిదీ, సగవే వచ్చావేం? కుడిపక్కకి జరుగు, మిగతా సగం కూడా కనపడతాది."

"వదినా, ఆఫీసు పని మీద వచ్చాను. మర్యాదగా మాట్లాడు."

"ఆయ్! చిత్తం! కుర్చీ కాలిరగ్గొట్టినందుకు ప్రమోషనిచ్చారా?"

"నీటికాసులు ఎక్కడ దాచావో చెప్పాలి."

రాట్నం ఆగింది. "ఏం కాసులు?"

"ఆరా అడుగుతోంది. ఎన్ని కాసులు, ఎవరిచ్చారు, ఏ నీటి అడుగున పెట్టావు?"

ఒక్క క్షణం నాకేసి చూసింది. తర్వాత నవ్విన నవ్వుకి పక్క పడవలో బాతులు లేచాయి.

"కంట్లో ఉన్నాయయ్యా! డాక్టరు రాసిన జబ్బు పేరది! మీ ఆరమ్మని వచ్చి ఏరుకోమను. ఓటి ఆవిడుంచుకుని మిగతావి నీకియ్యమను."

డాక్టరు చీటీలో 'నీటికాసులు ముదిరాయి' అని ఉంది. మెరక నేల మీద ఏ గదిలో ఉందో తెలీని ఆ యంత్రం దాన్ని చదివి, ఈవిడెవరో నీళ్లలో కాసులు దాచింది, అవి ముదిరి పెరిగాయి కూడా అనుకుంది. ఊళ్లోవాళ్ల రాకపోకలు, పేర్లు, ఒకళ్ల గురించి ఒకళ్లు అన్న మాటలు, అన్నీ పోగేసి మనిషి మంచీ చెడ్డా తేలుస్తుందట. తేలిస్తే తేల్చింది గానీ, కన్నుకీ కాసుకీ తేడా తెలీదు.

నవ్వు ఆగాక వదిన తాడు కొస తడిమి చూసుకుంటూ అంది: "రెండోది పోయినా తాడు పేనగలనులే. చెయ్యే చూసుకుంటాది. కానీ నువ్వు ఎప్పుడు అబద్ధమాడతన్నావో కనిపెట్టేదెలాగ? అది చేత్తో తడిమితే తెలీదు కదా."

"నేనెప్పుడు అబద్ధమాడాను?"

"ఇదిగో, ఇప్పుడు."

శుద్ధ ఏకాదశి, పాటు వేళ

పొద్దున్నే కచేరీ మాటల పెట్టెలో మెరక నుంచి నఫీసా మేడం పలికారు. నా పై అధికారి. నా కన్నా ఇరవై ఏళ్లు చిన్న. మాట తూకం వేసినట్టు ఉంటుంది. నవ్వడం నేను వినలేదు.

"తాతబ్బాయి గారూ, నీటికాసులంటే కంటి జబ్బు అని రాసి, కింద వెటకారం గడిలో టిక్కు పెట్టారు."

ఈ గళ్ల సంగతి రాయాలి. మా గోదారోళ్ల మాట ఆరాకి ఎక్కదు. పిల్లికి బిచ్చం పెట్టని ఓ పెద్దమనిషిని ఎవరో 'దానకర్ణుడండీ బాబూ' అంటే, ధర్మసంస్థ నడుపుతున్నందుకు లెక్కలు చెప్పమని ఆయనకి నోటీసు వచ్చింది. అందుకని ఈ యేడాది నుంచి మా వార్డుల వాంగ్మూలాల కింద రెండు గళ్లు పెట్టారు: నిజం, వెటకారం. చెప్పినవాడే టిక్కు పెట్టి వేలిముద్ర వెయ్యాలి. ఈ పుస్తకంలో నేను రాసే ప్రతి రోజు కిందా కూడా అంతే. నేను మొదటి గడి ఇంతవరకూ ముట్టుకోలేదు.

"అలవాటులో పడిపోయిందండి మేడం."

"డాక్టరుని అడిగి నేనే సరిచేశాను. కాసుల ఆరోపణ తీసేశాం."

"ఆయ్! అయితే పచ్చేనా అండి?"

"కాదు. ఒకసారి పసుపు పడ్డాక ఆరా పాత వాంగ్మూలాలన్నీ తిరగేస్తుంది. పోయినేడు ఇంటింటి ఆరాలో మీరు తెచ్చిన పొరుగు సాక్షి, బొక్కా గవర్రాజు గారు ఏమన్నారో చదువుతాను. 'బుల్లెమ్మకేం లోటండీ, సింగపూర్లో ఏడు మేడలు, ప్రతి మేడకీ ఓ లిఫ్టు. ఈ తాళ్లు పేనడం ఊరికే కాలక్షేపానికి.' ఈ మేడలకి సొమ్ము ఎక్కడిదో ఆవిడ చెప్పలేదు."

దగ్గాను.

"అది వెటకారం మేడం. గుడ్డివాడికైనా తెలుస్తుంది."

"అప్పటికి గళ్లు లేవు. ఇప్పుడు పెట్టాలంటే అన్నవారే పెట్టాలి. మీరు అన్న మాట కాదు కదా?"

"నేనెందుకంటానండి!"

"అయితే గవర్రాజు గారిని వెతికి తీసుకురండి. ఒక్క టిక్కు చాలు. పౌర్ణమి దాకా సమయముంది."

శుద్ధ ద్వాదశి, రెండు పోట్లూ

పొద్దుట్నుంచీ దోనె మీదే ఉన్నాను. గవర్రాజు ఆనవాళ్లు, ఆరా తెలుసుకొనుటకై: పొట్టి, నలుపు, చెవుల్లో వెంట్రుకలు పిచ్చిక గూళ్లలా ఉంటాయి. మాటకి ముందోసారి ముక్కు ఎగబీలుస్తాడు. ఒకచోట నిలవడు. అదీ ఇబ్బంది.

ఆరో వార్డులో వెతికాను. ఐసు ఫ్యాక్టరీలో ఇప్పుడే వెళ్లాడన్నారు. అయిదో వార్డులో నిన్న వెళ్లాడన్నారు. నాలుగో వార్డులో ఇంకా రాలేదన్నారు. మూడో వార్డులో ఎవరాయన అన్నారు. రెండో వార్డులో నన్నే ఎవరు నువ్వు అన్నారు. ఒకటో వార్డుకి వెళ్లేసరికి పాటుకి నీళ్లు దిగి దోనె బురదలో కూరుకుంది. తోసుకుంటూ వచ్చాను.

లాకుల పక్కనుంచి వస్తుంటే అవతల ఓడ కనపడింది. తెల్లగా, చాకలి ఉతికిన పంచెలా ఉంది. డెక్కు మీద ఎవరో కళ్లకి కట్టుతో కూర్చుని కొబ్బరి నీళ్లు తాగుతున్నారు.

తల తిప్పుకుని దోనె తోసుకొచ్చాను.

శుద్ధ త్రయోదశి, పోటు వేళ

కొంప ముంచాడు గవర్రాజు.

"తాతబ్బాయి గారూ," అన్నారు మేడం. ఆవిడ గొంతులో తూకం మొదటిసారి అటూ ఇటూ ఊగింది. "ఆరా కూడా ఆయన కోసం వెతికింది. పుట్టిన కాగితం లేదు. బియ్యం కార్డు లేదు. పడవ లేదు. ఎక్కడా ఒక్క వేలిముద్ర లేదు."

"పాపం, నిరుపేద అండి."

"నలభై ఒక్క ఇళ్లకి ఆయన పొరుగు సాక్షి. ఆ ఇళ్లు ఒకదాని పక్కన ఒకటి లేవు. ఆరు వార్డుల్లో ఉన్నాయి. అందరి లోపలి సంగతులూ తెలుసు, ఆయన సంగతి మాత్రం ఎవరికీ తెలీదు. ఇంత శుభ్రంగా దాక్కున్న మనిషిని ఆరా ఇంతవరకూ చూడలేదట. నల్లడబ్బు ముఠాకి నాయకుడని అంచనా కట్టింది."

"గవర్రాజా అండి?"

"ఆయన సాక్ష్యం ఉన్న ఇళ్లన్నిటికీ ఇవాళ పసుపు పడింది."

పడటమేంటి, లాకుల దగ్గర నలభై పడవలు ఆగిపోయాయి. చేపలు ఎండలో కంపు కొడుతున్నాయి. నూకరాజు ఇస్త్రీ బట్టల మూటలతో అక్కడే కూర్చుని గవర్రాజుని ఏడు తరాలు వెనక్కి తిడుతున్నాడు. ఇంకా విచిత్రం, అందరికీ గవర్రాజు గుర్తొస్తున్నాడు! ఒకావిడ బాతుని ఎత్తుకుపోయాడట. ఏసుబాబుని వెనకనించి నీళ్లలోకి తోశాడట. ఇంకొకాయన, వాడితో కలిసి చదువుకున్నాను, అప్పుడే అనుకున్నాను ఇలాంటివాడవుతాడని, అన్నాడు. నేను పక్కనే నిలబడి అవునవునని తల ఊపుతున్నాను. ఇంకో రోజైతే ఇంత సంబడానికి పొట్ట చెక్కలయ్యేది.

సాయంత్రం మేడంని అడిగాను, ఉన్న మాటే అడిగాను: "ఒకవేళ గవర్రాజు దొంగ సాక్షి అని తేలిందనుకోండి, ఏమవుతాదండి?"

"ఎరుపు. బతికినంతకాలం. తన వార్డు దాటి అడుగు పెట్టకూడదు."

"ఎవరి వార్డండి?"

"ఆయన వార్డు, తాతబ్బాయి గారూ. ఇంకెవరిది?"

శుద్ధ చతుర్దశి, పాటు వేళ

పొద్దున్న నేను రాసి ముద్ర వేసింది: బొక్కా గవర్రాజు నిన్న మొగలో పడి చనిపోయినట్టు విశ్వసనీయంగా తెలిసినది. వెదుకులాట ముగించవలెను.

అరగంటలో ఆరా నుంచి మూడు ప్రశ్నలు వచ్చాయి. శవం ఎక్కడ? వారసులెవరు? చావుకి పొరుగు సాక్షి ఎవరు? కింద ఇంకో ముక్క ఉంది. చనిపోయినవారి వాంగ్మూలం మార్చడానికి వీల్లేదు, శాశ్వతంగా ఉంటుంది.

మళ్లీ పుస్తకం తెరిచి నేను రాసింది: గవర్రాజు చావలేదు. ఈదుకొచ్చాడు. ఆరోగ్యంగా ఉన్నాడు.

మధ్యాహ్నం వదిన దగ్గరకి వెళ్లాను. మూట కట్టేసుకుంది. రెండు చీరలు, దువ్వెన, కొసరు పీచు కాస్త, చెయ్యి ఖాళీగా ఉండలేదు కదా.

"రేపు పోటుకి లాకులు తెరుత్తారా?"

"గవర్రాజు దొరికితే."

"ఊరంతా అదే మాట. ఇంతకీ నన్నేవన్నాడయ్యా ఆ మహానుభావుడు? ఓసారి చదువు."

చదివాను. సింగపూరు. ఏడు మేడలు. ప్రతి మేడకీ ఓ లిఫ్టు.

తాడు పేనడం ఆపి కుడికన్ను నా మీద పెట్టింది.

"ఆ లిఫ్టు మాట బాగుంది," అంది చివరికి. "పోయినేడు ఇంటింటి ఆరా ఎప్పుడు జరిగింది? నేను పీతల పులుసు కాసి, మందు మానేదాకా నీకు పెట్టనన్న వారంలోనే కదూ?"

"ఏమో, నాకు గుర్తులేదు."

"ఆ గవర్రాజుకి కూడా ఆ వారం ఎక్కడో పులుసు అంది ఉండదు, పాపం."

తాగడానికి మజ్జిగ ఇచ్చింది. గ్లాసు అందించబోయి నా చేతికి జానెడు పక్కన గాల్లో పెట్టింది. నేనే చెయ్యి జరిపి అందుకున్నాను.

వచ్చాక కాలు నిలవలేదు. ఏడో వార్డు అంచు వెంట చుట్టూ నడిచాను. ఆరువందల పన్నెండు అడుగులు. మళ్లీ నడిచాను. ఆరువందల పన్నెండే. నాకు ఒకచోట కూర్చుంటే అరికాళ్లు దురద. పదిహేనేళ్ల వయసు నుంచి రోజుకో రేవు చూడకుండా అన్నం తిన్నవాణ్ని కాను. అడుగులు ఊరికే లెక్కపెట్టాను. గడి: వెటకారం.

పౌర్ణమి, పోటు మొదలు

లాకుల దగ్గరకి పోతున్నాను. గవర్రాజుని కూడా తీసుకుపోతున్నాను.

బహుళ పాడ్యమి, పోటు వేళ

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. తీరిక బాగా ఉంది.

వెళ్లేసరికి నీళ్లు లాకుల మూడో మెట్టు దాటాయి. ఓడ ఒక కూత వేసింది. మూడు కూతలకి కదులుతుంది. ఆగిపోయిన పడవలన్నిటికీ ముందు వదిన దోనె ఉంది. మూట ఒళ్లో పెట్టుకుని తలుపులకేసి చూస్తూ కూర్చుంది. లాకుల స్తంభానికి ఉన్న పెట్టెలోంచి మేడం గొంతు వచ్చింది.

"తాతబ్బాయి గారూ, గవర్రాజు గారు వచ్చారా?"

"వచ్చారండి."

"నాకు కనబడటం లేదు."

"నేను అడ్డంగా నిలబడ్డానండి. అందుకని."

వెనక పడవల్లో ఎవరో ముందు కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత గొణుగుడు. నూకరాజు "ఓరి నీ..." అని మొదలుపెట్టి, వదినని చూసి మింగేశాడు.

చెప్పాల్సింది చెప్పాను. ఏం చెప్పానో వివరంగా చివర రాయమన్నారు మేడం, రాస్తాను. పెట్టె కింద పలక వచ్చింది, రెండు గళ్లతో. ఇన్నాళ్లూ ముట్టుకోని గడిలో టిక్కు పెట్టాను. గీత వంకరగా వచ్చింది.

పెట్టెలో మేడం కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. ఓడ రెండో కూత వేసింది.

"తాతబ్బాయి గారూ, ఈ వారంలో మీరు ఒక మనిషిని ఐసు ఫ్యాక్టరీలో చూపించారు, మొగలో చంపారు, మళ్లీ బతికించారు. ఇది కూడా వెటకారం కాదని నేనెలా నమ్మాలి? దీనికో పొరుగు సాక్షి కావాలి."

తల దించి నీళ్లకేసి చూశాను.

అప్పుడు వదిన దోనెలో లేచి నిలబడింది. దోనె ఊగింది. పక్క పడవ వాళ్లు పట్టుకున్నారు.

"అమ్మా, నీ పేరు నాకు తెలీదు. నేను ఈడి వదిన్ని. ఈడు అబద్ధమాడితే సూటిగా మన మొహంలోకి చూత్తాడు, పెద్ద హరిశ్చంద్రుళ్లాగ. నలభయ్యేళ్లుగా చూత్తన్నాను. ఇప్పుడు నీళ్లకేసి చూత్తన్నాడు. నా కుడికన్ను ఇంకా కాస్త పనిచేత్తంది. ఇదే సాచ్చికం. రాసుకో."

"మీ వేలిముద్ర..."

"ఎక్కడెయ్యాలో చెయ్యట్టుకుని చూపించండయ్యా ఎవరన్నా."

నేనే పట్టుకుని పలక మీద పెట్టాను. వేలి నిండా పీచు కోసిన గీతలు. ఆరా ఆ ముద్ర ఎలా చదివిందో దానికే తెలియాలి.

స్తంభం మీద దీపం పచ్చగా మారింది. ఇనప తలుపులు మూలుగుతూ తెరుచుకున్నాయి. నీళ్లు ఒక్కసారిగా సర్దుకుని దోనెని ముందుకు లాగాయి. దాని వెనక మిగతా నలభై ఇళ్ల పడవలూ కదిలాయి. నా మెడలో ఆరా ఇచ్చిన పేరు బిళ్ల మాత్రం ఎర్రగా వెలిగింది, పెళ్లికూతురి బొట్టులా.

వదిన వెనక్కి తిరిగి అరిచింది: "ఏడు మేడల్లో ఓటి నీకు రాసిచ్చేత్తాన్లేవోయ్!"

"లిఫ్టున్నది కావాలి!" అన్నాను.

"నీకెందుకు? ఎక్కడికీ కదలవు కదా ఇక!"

వదిన, మూట డెక్కు మీదకి చేరాక మూడో కూత. తెల్ల ఓడ ఇసుక మేట మీదుగా మొగ దాటి, చేప కన్నంత అయి, కనపడకుండా పోయింది. పెట్టెలోంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది. మేడం తుమ్మారని మొదట అనుకున్నాను. నవ్వారు.

"తాతబ్బాయి గారూ, పుస్తకం అప్పగించే ముందు చివరి పేజీలో అంతా స్పష్టంగా రాయండి. ఈసారి ఆరాకి అర్థమయ్యేలా."

ఇదిగో, రాస్తున్నాను. రాసేముందు ఏడో వార్డు చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఇవాళ ఆరువందల పదమూడు వచ్చింది. ఎక్కడో ఒక అడుగు సంపాదించాను. దానికి మూలం చెప్పను.

ఇంటికో పొరుగు సాక్షిని తేవాలంటే దోనె తొయ్యాలి, ఎండలో తిరగాలి, జనం సోది వినాలి. బద్ధకించాను. ఒకే సాక్షిని తయారుచేసి నలభై ఒక్క ఇళ్లకీ వాడి చేతే మాట్లాడించాను. సింగపూరు, ఏడు మేడలు, లిఫ్టు, ఆ కూతలు కూసింది నేను. పీతల పులుసు పెట్టలేదన్న ఉక్రోషంతో కూశాను. ఐసు ఫ్యాక్టరీలో ఎవరూ ఏమీ చెప్పలేదు, నేను అడగలేదు. ఎవరి బాతునీ ఎవడూ ఎత్తుకుపోలేదు. బొక్కా గవర్రాజు అనేవాడు ఏ వార్డులోనూ, ఏ రోజునా లేడు. మొత్తం నా కల్పన. చెవుల్లో వెంట్రుకలు మాత్రం నావే.

గడి: నిజం.